కన్నం బిళ్ళ

గ్దీన్యా రేవు క్రేన్లు కనిపించే నాలుగో అంతస్తు.
బెల్లు కొట్టకముందే తలుపు తీసింది గెనోవెఫా గారు.
"మేస్త్రీ, చూసి నవ్వకు."

నవ్వలేదు.
నల్ల సింకు అంచున, ఇనప మూకుడు జారిన చోట
సగం బఠాణీ అంత పెచ్చు.
దాని మీద ఆవిడ పూసిన నల్ల గోళ్ళరంగు
చలికాలమంతా వేడినీళ్ళకి ఉడికి
పొట్టులా లేచి నిలబడింది.

లోపల తెల్లగీతలు. పద్నాలుగట, లెక్కపెట్టి ఉంచింది.
తడి స్పాంజితో రుద్దితే పదకొండు పోయాయి.
గీతలు కావండీ ఇవి,
మీ అల్యూమినియం గిన్నెలు వదిలెళ్ళిన అరుగుదల.
రాయికేం కాలేదు.
ఆవిడ గిన్నెల అరవైపు
ఒక చూపు చూసింది, వాటి పని తరవాత చెప్తానన్నట్టు.

పెచ్చు మాత్రం రుద్దితే పోదు.
నేను డబ్బాలో తెచ్చిన నలుపు దేనికీ ఒప్పదు:
ఈ నలుపులో కాస్త బూడిద ఉంది,
అక్కడక్కడా అభ్రకంలాంటి తళుకు ఉంది.
"సింకు బిగించిన రోజు
కుళాయి కన్నం కోసం సుత్తితో కొడితే
కింద రాలిన బిళ్ళ ఉంటుంది, అదేమైనా..."
అలవాటుకొద్దీ అడుగుతాను. ఎవరూ దాచరు.

బాల్కనీలోకి వెళ్ళి జాడీ మూత తీసింది.
పులిసిన క్యాబేజీ వాసన
నాకంటే ముందు వంటింట్లో కూర్చుంది.
ఊట అడుక్కి చెయ్యి పెట్టి
క్యాబేజీని అణిచిపెట్టిన బిళ్ళ తీసి
ఏప్రనుకి తుడిచి ఇచ్చింది.
"తొమ్మిదేళ్ళ నుంచీ డ్యూటీలో ఉంది. జాగ్రత్త."

కడిగి, స్టవ్ సెగన ఆరబెట్టి, ఆకురాయితో రాకాను.
కాగితం మీద చిటికెడు రాతిపొడి.
జిగురొక చుక్క, దాన్ని గట్టిపరిచేది ఒక చుక్క,
అగ్గిపుల్లతో కలిపితే ఐదు నిమిషాలు నా మాట వింటుంది,
ఆరో నిమిషం నుంచి వినదు.
చుట్టూ టేపు వేసి, కొంచెం ఎత్తుగానే నింపాను.

ఆరేదాకా టీ.
"ఇప్పుడు క్యాబేజీ పైకి తేలుతుందా?"
చిటికెడే కదండీ, క్యాబేజీకి తెలీదు.
"నాకు తెలుస్తుంది."

నాలుగొందల నంబరు కాగితం, నీళ్ళు,
తరవాత ఎనిమిదొందలు.
గోరుతో గీసి చూడమన్నాను.
కళ్ళు మూసుకుని ఇట్నుంచటు లాగింది.
అట్నుంచిటు.
ఎక్కడుందో చెప్పలేకపోయింది.
అది నచ్చలేదు కాబోలు,
టార్చి తెచ్చి ఏటవాలుగా పట్టి
ముక్కు సింకులో పెట్టి వెతికి
"ఇదిగో!" అంది, తప్పిపోయిన పిల్లి దొరికినట్టు.

బిళ్ళ తిరిగి జాడీలోకి వెళ్ళింది.
డబ్బుతోపాటు ఒక సీసా క్యాబేజీ నా సంచిలోకి.
ట్రాలీబస్సులో నా పక్క సీటు
చివరి స్టాపుదాకా ఖాళీ.