తొమ్మిది రేకు అక్షరాలు

మాంటెవిడియోలో, చమురు శుద్ధి గొట్టం నీడ పడే మా వీధిలో
పాత రొట్టెల కొట్టు నెత్తిన
తొమ్మిది రేకు అక్షరాలు:
పనదెరీయా.
అద్దెతో పాటు అవీ నీవే, అన్నాడట ఇంటాయన,
దింపే కూలి తనకు తప్పుతుందని.

సుల్మా ముప్పై ఒక్క ఏళ్లు
ఇంకొకరి కొట్టులో, ఇంకొకరి పేరు కింద
గడియారాలు బాగుచేసింది.
ఇప్పుడు తన బల్ల, తన దీపం,
అప్పు తెచ్చి కొన్న చిన్న సాన.
పేరు మాత్రం లేదు.

బోర్డులు రాసే దార్దో
అక్షరానికింత అన్నాడు.
సముద్రపు గాలికి పెచ్చులూడని రంగైతే ఇంకొంత.
చంకలో థర్మాసు, చేతిలో మాతే బుర్ర,
ఓ గుటక పీల్చి, గోడ కేసి మళ్లీ చూసి,
"ఉన్నవాటితోనే ఏదో ఒకటి కూర్చుకోరాదూ?" అని
తన బేరం తనే చెడగొట్టుకున్నాడు.

ఆ రాత్రి మా వంటగది బల్ల మీద
పాత పేపరు పరిచి కూర్చున్నాం ఇద్దరం.
అక్షరాల మడతల్లో ఇంకా పిండి ఉంది.
తుడిస్తే గుడ్డ తెల్లబడింది.

కాలం అని రాద్దామంటే అక్షరాలు చాల్లేదు.
గంట అందామన్నా అంతే.
గడియారానికి మొదటి రెండే దొరికాయి.
తన పేరుకైతే చివరి ఆ ఒక్కటే.

నాదా వచ్చింది. ఏమీ లేదు, అని అర్థం.
"రేకు నిజమే చెబుతోంది" అని నవ్వింది.
రేయినా వచ్చింది. రాణి.
ఈ మోకాళ్లతోనా, అని కలిపేసింది.
అరేనా. ఇసుక. నాకు నచ్చింది,
ఇసుకతో కాలం కొలిచిన రోజులున్నాయి కదా అన్నాను.
"సిమెంటు కొట్టనుకుంటారు" అంది.

పాద్రే వచ్చినప్పుడు మాత్రం
చెయ్యి వెయ్యలేదు.
నాన్న.
మాంసం ఫ్యాక్టరీలో సమ్మె జరిగిన ఏడాది
వాచీ తాకట్టుకి పోయాక
ఖాళీ మణికట్టు చూసుకుని టైము చెప్పేవాడట.
సరిగ్గానే చెప్పేవాడట.
పొయ్యి మీద నీళ్లు కాగి, చల్లారి, మళ్లీ కాగాయి.
అప్పుడు ఒక్కొక్కటే వేలితో పక్కకు జరిపింది,
పట్టకారుతో పళ్ల చక్రాన్ని తీసినంత మెల్లగా.

జరిపిన చోటే మూడు ఆలూ చేరి
పరాదా అయింది.

నాకు ఒళ్లు మండింది.
ఆగిపోయింది, అని గడియారాల కొట్టుకు పేరా?
వైద్యుడి గుమ్మం మీద
పోయాడు అని రాసినట్టుంది, అన్నాను.

సుల్మా కళ్లద్దాలు నుదుటి మీదికి తోసింది.
"నడిచే గడియారం నా దగ్గరికెవరు తెస్తారు?"
కాసేపాగి,
"బస్సు ఆగే చోటునీ అదే అంటాం.
కుర్చీ దొరకని ఆడదాన్నీ అదే అంటాం."

నిలిచింది.
వాచీ నిలిచింది. మూల మీద బస్సు నిలిచింది.
ముప్పై ఒక్క ఏళ్లు వంగి కూర్చున్న మనిషి
నిలిచింది.
మాట ఒక్కటే,
ఎటు తిప్పి చూస్తే అటు.

మేకులు కొట్టింది దార్దోనే, ఊరికే.
మిగిలిన మూడూ స్ప్రింగుల సొరుగులో పడ్డాయి,
వాటితో ఏ మాటా కాదు.
కొత్త పేరు వెనకాల
ఇన్నేళ్లూ ఎండ తగలని చోట
పాత పేరు ఇంకా లేతరంగులో కనిపిస్తోంది.
సున్నానికి డబ్బుల్లేవు.

సోమవారం ఏడున్నరకి తలుపు తీసింది.
మొదటి గిరాకీ ఓ పిల్లాడు,
బడి తెల్లకోటు, మెడకింద పెద్ద నీలం ముడి.
అరకిలో రొట్టె అడిగాడు.
లేదు, అంది.
వాడు పోలేదు.
బల్ల మీద మూత విప్పిన వాచీ కడుపులోకి చూస్తూ
అక్కడే నిలిచాడు.

సుల్మా దీపాన్ని కొంచెం
వాడివైపు వంచింది.