బేరింగుకు నూనె

శుక్రవారం, చివరి పీరియడు.
ఓల్డమ్‌లో మూడింటికే దీపాలు వేసుకోవాలి, నవంబరు కదా.
కిటికీ అవతల వాన, వాన అవతల
పొగగొట్టం ఒక్కటే మిగిలిన నూలుమిల్లు.

పాఠం నేను చెప్పను. నా పని
పొద్దున్నే ఏడున్నరకి వచ్చి
తిరుగుడు కుర్చీని బోర్లా పడుకోబెట్టి
బేరింగులో కుట్టుమిషను నూనె నాలుగు చుక్కలు వెయ్యడం.
నియమం శాశ్వతమే. కాని అది
నలభై సెకన్లపాటు పిల్లల కళ్లకు ఆనాలంటే
ఎవరో ఒకరు నూనె వెయ్యాలి.

ఎంట్‌విసిల్ మేడమ్ రీస్‌ని పిలిచింది.
క్లాసులో అందరికంటే పొడుగు, అందరికంటే తక్కువ మాట.
చేతికి రెండేసి కిలోల ఇనుము,
బార్లా చాచి కూర్చున్నాడు దిష్టిబొమ్మలా.
వెనక బెంచీలో నవ్వులు.
కాలితో నేలను ఒక్క తన్ను తన్నాడు.
తీరుబడిగా తిరిగాడు, గానుగెద్దు నడక.
"ఇప్పుడు దగ్గరికి లాక్కో" అందావిడ.

లాక్కున్నాడు.
ముఖం చెరిగిపోయింది. టై ఎగిరి భుజం మీద పడింది.
ఎవరూ తొయ్యలేదు, ఎవరూ ముట్టుకోలేదు,
తాడు వదిలిన బొంగరం!
చాచాడు, నెమ్మది. లాక్కున్నాడు, సుడి.
తానే కనిపెట్టినవాడిలా
మళ్లీ, మళ్లీ, నవ్వులు ఆగిపోయేదాకా.

"ఆ వేగం ఎవరిచ్చారు మిస్?"
ఈ ఏడాదిలో వాడి మొదటి ప్రశ్న.
"నీ భుజాలే. రేపు నొప్పెడతాయి చూడు."

కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వం,
కావలిలో చదివాను నేను, ఆరు మార్కుల ప్రశ్నగా.
కుర్చీ లేదు. పుస్తకంలో బొమ్మ కూడా సరిగా అచ్చవలేదు,
మంచు మీది అమ్మాయి చేతులు సిరాలో కలిసిపోయాయి.
చాచిందో ముడుచుకుందో తెలియకుండానే
ఆరుకి ఆరు వచ్చాయి.

బడి ఖాళీ అయ్యాక, ఊడ్చేవాళ్లు రాకముందు,
నేనూ కూర్చున్నాను.
ఇనుము బరువే సుమా.
తన్నాను. లాక్కున్నాను.
సింకులు, స్టూళ్లు, వాన, పొగగొట్టం అన్నీ ఒకే గీత.

ఆగింది చివరికి.
మరి నిత్యమన్నది ఎటు పోయినట్టు?
నేను తన్నినప్పుడు నేల అటు జరిగింది, పిసరులో పిసరంత.
కుర్చీ ఆగుతూ ఆగుతూ
ఆ బాకీ దానికే తిరిగి కట్టింది.
ఓల్డమ్‌కీ నాకూ చెల్లు.

లేచి, తల తిరుగుతుండగానే
కుర్చీ పడుకోబెట్టి బేరింగు తాకాను.
వేలికి నూనె అంటింది.
లెక్కలోకి రాని వెచ్చన,
ఉందా లేదా అన్నంత.