రెండో కౌంటరు

కావలి ట్రంకు రోడ్డులో
కోటారెడ్డి సూపర్ బజారు, రెండో కౌంటరు.
మూడేళ్ళుగా నా బొటనవేలూ చూపుడువేలూ
రోజుకి నాలుగొందల సార్లు
ఒక నున్నటి తెల్లటి నాలుకను తుంచుతున్నాయి.

వెచ్చగా ఉంటుంది, అప్పుడే పుట్టిన బిల్లు.
మిషన్లో సిరా లేదు. నింపే సీసా లేదు.
వేడి తగిలిన చోట కాయితమే నల్లబడుతుంది.
అనుమానమైతే గోరుతో గీకి చూడండి,
ఒంటి మీద వాత తేలినట్టు గీత లేస్తుంది.

ఆరు మూలల గడి, లోపల మూడు గీతలు.
డిగ్రీ రికార్డు పుస్తకంలో స్కేలు పెట్టి గీసి
రాజ్యశ్రీ మేడమ్‌తో ఎర్ర టిక్కు పెట్టించుకున్న బొమ్మ.
అట్టాంటివి రెండు చేతులు పట్టుకొని
ఈ కాయితం మీద పొడిలా కూచున్నాయంట.
కూచున్నవి లేచి ఎటు పోతాయో
అప్పటి సిలబస్‌లో లేదు.

చేతికి నూనె ఉంటే తొందరగా ఎక్కుద్దంట.
శానిటైజర్ రాసుకుంటే ఇంకా తొందరంట.
పదకొండింటికి కారం దోసె తిని
సీసా నొక్కి, రెండు చేతులూ రుద్దుకొని
మళ్ళీ మిషన్ ముందు కూచుంటాను.
ఎంత పోతుందో, లోపల ఏం చేస్తుందో
నేను చెప్పలేను. అసలేం చెయ్యదేమో కూడా.
కొలిచే వాళ్ళు ఎక్కడో ఉన్నారంట,
కావలి స్టేషన్లో ఇంకా దిగలేదు.

రోలు పెట్టె మీద ఈ మధ్య
పచ్చటి ఆకు బొమ్మ వేసి
ఫలానాది ఇందులో లేదని రాస్తున్నారు.
లేనిదాని పేరు రాశారు గానీ
దాని కుర్చీలోకి వచ్చి కూచున్న
చెల్లెలి పేరు రాయలేదు.
ఓనరుకు చూపిస్తే
"లేదని రాసుంది గదమ్మే, ఇంకేం గావాల నీకు?" అన్నాడు.
గ్లవుజులు అడిగితే
"కస్టమర్లు బెదురుకుంటారు" అన్నాడు.

బెదురుకునేది ఎవరు?
పెంచలమ్మత్త బిల్లులో వక్కలు చుట్టుకొని పోతుంది.
మూటలెత్తే మాల్యాద్రి, పారేసినవి ఏరి
సన్నగా పురిపెట్టి చెవిలో తిప్పుకుంటాడు,
కళ్ళు మూసుకొని, స్వర్గంలో ఉన్నట్టు.
మొన్న తుమ్మలపెంట నుంచి వచ్చిన పోలేరమ్మవ్వ
రెండు చేతులా చిల్లర లెక్కపెట్టుకుంటా
బిల్లును పెదాల మధ్య కరిచి పట్టుకుంది.
"అవ్వా, నోట్లో పెట్టుకోబాక!"
గట్టిగానే అన్నాను. వెనక లైను మొత్తం చూసింది.
అవ్వ బిల్లు తీసి, తడిసిన అంచు చీరకు తుడిచి,
"కాయితమే గదమ్మా" అంది.
వెనక ఇంకా ఆరుగురు.
ఒకామె చేతిలో పాల ప్యాకెట్టు కారుతోంది.
కాయితం కాదవ్వా అని మొదలుపెడితే
ఎక్కడ ఆపాలి?

రోహిణి కార్తెలో మా మిక్సీ ఆగిపోయింది.
ఏడాది గ్యారంటీ. బిల్లు భద్రంగా
బియ్యం డబ్బా మూత కింద దాచింది అమ్మ.
తీస్తే, ఉతికి ఆరేసిన గుడ్డలా ఉంది.
షాపతను దాన్ని ట్యూబులైటుకు ఎత్తి
అటు తిప్పి, ఇటు తిప్పి
"దీని మీద ఏమీ లేదమ్మా" అన్నాడు.
అమ్మ నా వంక చూసింది,
ఇట్టాంటివి ఇచ్చేదానివి నువ్వే గదా అన్నట్టు.

నేను నా బొటనవేలు చూసుకున్నాను.
రేషను మిషను రెండు నెలల్లో రెండుసార్లు
గుర్తుపట్టనన్న వేలు.

రోలు అయిపోవచ్చే ముందు
బిల్లు అంచున గులాబీ గీత ఒకటి మొదలవుతుంది,
చూసుకోండి, ఇంక కొంచెమే ఉంది అని.
కాయితానికి ఆ మర్యాద చేశారు ఎవరో.

ఇవాళ సాయంత్రం అయిదింటికి గీత వచ్చింది.
మూత తెరిచి, అట్ట గొట్టం తీసి పారేసి,
కొత్తది ఎక్కించి, కొస బయటికి లాగి
మొదటి జానెడు తుంచాను.
బొటనవేలు కొంగుకు తుడుచుకొని
"రాండి, ఎవరు తర్వాత?" అన్నాను.