తెల్లపళ్ళెం మునిగే లోతు

ఫిబ్రవరిలో రెండు మీటర్ల పది.
దోనెలో వంగి, తాడు జారవిడిచి,
పళ్ళెంలోని నలుపూ తెలుపూ ఒకటైపోయి
కంటికి ఆనకుండా పోయే చోట
తాడుని గోటితో నొక్కి పట్టుకోవడం, అదే నా పని.
చెరువు ఎంతవరకు చూడనిస్తే అంతవరకే
రాసుకుంటాను.

ఇవాళ ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు.
మోచేతి దాకా ముంచితే
నా వేళ్ళు నాకే కనిపించలేదు.

మార్చి చివర్లో సిరొంచ ఎగువన
పదకొండు రాత్రులు అడవి కాలింది.
పగలు పొగ,
చీకటి పడితే గుట్ట నడుముకి ఎర్ర మొలతాడు.
ఆకులు ఊదే యంత్రాలు రెండు,
వాటికి మనుషులు ముగ్గురు,
పెట్రోలు ఒక సీసాడు.
తర్వాత ఎండలు ముదిరాయి, తునికాకు కోత మొదలైంది,
మాటలు రేటు మీదికి మళ్ళాయి.
బూడిద మాత్రం వాలు మీద కూర్చుని
మృగశిర కోసం చూసింది.

మడికి బూడిద చల్లితే పైరు పచ్చబడుతుందని
మా అమ్మ చెప్పేది.
నీళ్ళకీ అదే న్యాయం.
వారం తిరక్కుండా పచ్చబడ్డాయి,
ఒడ్డున చిక్కగా, రంగు డబ్బా ఒలికినట్టు,
తెల్లారేసరికి పరకలు కడుపు పైకి తేలి.

దోనె నడిపే మడావి ఝురూ
తెడ్డు ఎత్తి దాని జిడ్డు చూశాడు.
"గీ పసరు మా తాత నాడు లేదు బిడ్డా."
నేను తల ఊపాను.
కాగితం మీద శేవాళ్ అని మరాఠీలో రాస్తాను,
మనసులో నాచు అనుకుంటాను,
ఝురూ గోండిలో ఏదో అన్నాడు,
ఆ మాటకి నా ఫారంలో గడి లేదు.

అద్దం కింద ఒక్క చుక్క:
పూసల దండలు, దండకొకటో రెండో పెద్ద పూసలు,
వాటి మధ్య ఇరుక్కుని
ఈనె చెడని బొగ్గు తునక.
ఏ ఆకో ఏమో.
ఇప్పాకే కావచ్చు.

ఫారం చివర్లో ఒక ప్రశ్న ఉంది,
అగ్గికి కారణం?

నాకు ఏడేళ్ళు.
ఇప్పచెట్టు కింద అమ్మ ఆకులు ఊడ్చి కుప్ప చేసి
అగ్గిపుల్ల నా చేతికిచ్చింది.
నేల నల్లబడితేనే కదా
తెల్లారి రాలిన పూలు కంటికి ఆనేది.
నలుపు మీద తెలుపు.
నేను నేర్చిన మొదటి కొలత అది.
బుట్ట నిండితే సంతకి, సంత నుంచి బడికి,
బడి నుంచి ఈ అద్దం దాకా
ఆ పూలే నన్ను మోసుకొచ్చాయి.
ఒకసారి గాలి తిరిగింది. పక్క కంచె అంటుకుంది.
మేమిద్దరం ఎవరికీ చెప్పలేదు.

'తెలియదు' అన్న గడిలో టిక్కు పెట్టాను.
కొట్టేశాను.
మళ్ళీ పెట్టలేదు.

గట్టు మీద ఝురూ కాచుకుని ఉన్నాడు.
"పశులు తాగొచ్చునా, వద్దా? గంతే చెప్పు."
విషం ఉందో లేదో తేలాలంటే
చంద్రపూర్ వెళ్ళాలి, అక్కణ్ణుంచి ఇంకెక్కడికో,
ఇరవై రోజులు.
పశువులు పొద్దుగూకే లోపే వస్తాయి.

ఇద్దరం రేగుకంప నరికాం.
రేవు పొడుగునా పరిచాం, అరచేతులు గీసుకుపోయాయి.
ఒక ఎర్రావు దూరంగా నిలబడి
మా పని అయ్యేదాకా ఓపిగ్గా చూసింది,
అయ్యాక కంప లేని వైపుకి
నడవడం మొదలుపెట్టింది.
ఝురూ కర్ర పట్టుకుని దాని వెనకే పరుగెత్తాడు.

చేపలమ్మే లస్మక్క దగ్గర అడిగి తెచ్చిన
మంచుపెట్టెలో ఆరు సీసాలు పెట్టుకుని
సాయంత్రం ఎర్రబస్సెక్కాను.
ఆలాపల్లి దాటగానే కండక్టరు
ముక్కు మూసుకుని అడిగాడు,
పెట్టెలో చేపలా అని.
చెరువన్నాను.
దానికి టికెట్టు కొట్టాలా వద్దా అని
కాసేపు నిజంగానే ఆలోచించాడు.

బయట, చీకట్లో, చాలా దూరంలో
ఒక సన్నటి ఎర్ర గీత.
ఈ వానల్లో అడవి కాలదు, నాకు తెలుసు.
ఎవరో పొయ్యి వెలిగించి ఉంటారు.
అయినా కిటికీ వైపు నుంచి
కళ్ళు తిప్పుకోలేకపోయాను.