తక్‌పట్టీ వెనక

తక్‌పట్టీ ముందటి దిక్కు
రైతు పేరు, ఊరు, బస్తాలు, తూకం,
హమాలి, దడువాయి, చాట కూలి కోతలు.
వెనక దిక్కు నాది.

ఇరవై రెండేండ్లాయె
ఎనుమాముల మార్కెట్ల అడ్తి గుమాస్తాగ.
మిర్చి ఘాటుకు కండ్లు చెమ్మగైతయ్,
చూసెటోళ్లకు ఏడ్చినట్టుంటది.
రెండు కాంటాల నడుమ దొరికిన నిమిషంల
బాల్‌పెన్నుతోని గీస్తుంట:
కాంటా ముల్లు,
తువ్వాల మొఖం మీద కప్పుకొని పండిన రైతు,
తేజ రాశి పక్కన తుమ్మే కుక్క.
"బొమ్మలేందిరా, లెక్క చూడు" అంటడు సేటు.
లెక్క ఎన్నడు తప్పలే.
బొమ్మే తప్పుతది.

చౌరస్తాల రంగుల డబ్బ కొన్న, పన్నెండు బిళ్లలది.
"పాపకా?" అన్నది సరూప.
అవునన్న.
"నాకేనా?" అన్నది పాప.
అవునన్న.
ఆ రాత్రి కరెంటు పోయిందాక ఇద్దరం గీసినం.
అది కోడిని గీసి నాలుగు కాళ్లు పెట్టింది.
పడిపడి నవ్విన.

అందరు గీస్తరని వేయిస్తంభాల గుడికి పోయిన ఒక ఐతారం.
పదకొండో స్తంభం కాడ నిద్రొచ్చింది.
ఎవలో చెక్కనే చెక్కిండ్రు, ఇంక నాతోటి ఏం పని.
హన్మకొండల ఏదో హాలుల
నా బొమ్మ గోడకు ఏలాడినట్టు
కల రాలేదంటె అబద్ధమైతది.
వచ్చింది.
కలల కూడ ఫ్రేము వంకరనే ఉన్నది.

నాకు కావల్సింది ఒక చెయ్యి.
సక్కంగ గీసిన ఒకే ఒక చెయ్యి.
మొఖం సులువు, కొంచెం పోలినా నమ్ముతరు.
చెయ్యి అట్ల కాదు,
జర ఆదమరిస్తే అరటిగెల అయితది,
భయపడి గీస్తే చీపురుకట్ట.

అందుకే మొగిలి చెయ్యి పట్టుకున్న.
కొక్కెం పట్టి బస్తాను ఈపు మీదికి గుంజే చెయ్యి.
తొమ్మిది దినాలు, తొమ్మిది పట్టీల వెనక.
పదో నాడు ఇంట్ల డ్రాయింగు కాయితం మీద
నరాలు పచ్చగ, గోర్లు మట్టిరంగు,
అరచేతి గీతలల్ల ఇరికిన మిర్చి ఎరుపు.
ఎర్రబిళ్ల సగం అరిగింది.

జెండా పాట అయినంక చూపిచ్చిన.
లుంగీకి చేతులు తుడ్సుకొని
అంచుల పొంటి పట్టుకున్నడు కాయితాన్ని.
"మస్తుగున్నది సారు. ఎవలది?"
"నీదే."
మొగిలి ఏమనలే.
కాయితం పక్కన తన చెయ్యి పెట్టిండు.
చూపుడు వేలుకు పైకణుపు లేదు.

లారీ డాలా పడ్డదట, పదమూడేండ్ల కింద.
పదమూడేండ్లు ఈ చేతి నుంచే
దినాం చీటీలు అందుకున్న.
తొమ్మిది దినాలు దీన్నే సూస్తున్ననుకున్న.

"ఇటియ్యి, దిద్దుకొస్త" అన్న.
"ఉండనియ్యి సారు,
ఒక్క కాయితం మీదనన్న నిండుగుంటది."
నాలుగు మడతలు పెట్టి
అంబరు పొట్లం పక్కన జేబుల ఏసుకొని
బస్తా కిందికి వంగిండు.

ఆ పొద్దు అరవై నాలుగు బస్తాలు.
పట్టీలు రాసుడే, గీసుడు లేదు.
ఊకె సూసుకుంట కూసున్న.
చాట చెరిగే ముత్తవ్వది ఎడమచెయ్యి వాటమట.
సేటు పైసలు లెక్కబెట్టినప్పుడు పెదవులు కదుల్తయట.
మంది మీద మొదటిసారి కన్ను పడ్డట్టు.

ఇంటికి పోయేసరికి పాప మళ్ల కోడిని గీస్తున్నది.
మళ్ల నాలుగు కాళ్లు.
ఈసారి నవ్వలే, అడిగిన.
"అది ఉరుకుతుంది గద నాయినా!
ఉరికినప్పుడు అన్ని కాళ్లు కనబడ్తయ్,
నువ్వెన్నడు సూడలేదా?"

దాని పక్కన జరిగి కూసున్న.
కొత్త కాయితం.
"ఎర్రబిళ్ల ఇస్తవా జరంత?"
"అయిపోవచ్చింది, దేనికి?"
ఒక వేలికి, అన్న.
కాదు బిడ్డా,
సగం వేలికి.