రెండు వందల యాభై ఐదు తలలు

కుతాయిసిలో ఫిబ్రవరి.
రియోని నది మీంచి గాలి
రేడియో భవనం మూడో అంతస్తు కిటికీకి అంటించిన
అట్టముక్కని కొడుతోంది.
కిరసనాయిలు పొయ్యి పక్కన నాలుగు డిస్కులు.
నాలుగూ ఒక్కటేనని యంత్రాన్ని నమ్మించడానికి
నాకు రాత్రంతా పట్టింది.
కరెంటు ఎనిమిదింటిదాకా ఉంటుందన్నారు.
అన్నదెవరో తెలీదు.

తెర మీద హెచ్చరిక:
మొదటి భాగం సిలిండరు అంచున ముగియలేదు.
జ్యామితి పొసగడం లేదు.
దాని కిందే, ఏమీ ఎరగనట్టు: కొనసాగమంటారా?

జ్యామితి అనగానే
బడిలో వృత్తలేఖిని ముల్లు దిగిన వేలు గుర్తొచ్చింది.

ఒక్కో డిస్కునీ విడిగా నిలదీశాను.
నీకు తలలెన్ని?
రెండు వందల యాభై ఐదు, అంది.
రావణుడే పదితో సరిపెట్టుకున్నాడు.
పోయిన నెల చచ్చిన డిస్కుని విప్పి చూసినదాన్ని నేను:
అద్దాల్లాంటి రెండు పళ్ళేలు, నాలుగు తలలు.
నాలుగంటే నాలుగు.
సరే, అన్నీ కలిపి కుట్టిన వరసనే అడిగితే
నాకు రెండే, అంది.
ఎక్కువ చెప్పి బతికేది ఒకటి,
తక్కువ చెప్పి తప్పుకునేది ఇంకొకటి.
రెండూ కాకి లెక్కలే.

ఎప్పుడో ఒక యంత్రానికి
వెయ్యిన్నీ ఇరవై నాలుగు దాటి లెక్క రాదు.
దాని పరువు కోసం అందరూ తలో అబద్ధం ఆడారు.
యంత్రం పోయింది.
అబద్ధం ఇంకా ఉద్యోగంలోనే ఉంది.

"ఏమంటోంది?" అన్నాడు ఓతియా.
రాత్రి కాపలా, డెబ్బై రెండేళ్ళు,
గుప్పిట్లో పొద్దుతిరుగుడు గింజలు.
"లేని గదులకి గోడలు కలవలేదంటోంది."
"మున్సిపాలిటీలో చేరిందా?"

హెచ్చరిక ఉత్తదని తేలాక కూడా వదలబుద్ధి కాలేదు.
అబద్ధాలకోరు జేబులో ఒక్కోసారి
ఎవరూ అడగని నిజం ఉంటుంది.
ముగింపు వదిలేసి మొదలు చూశాను.
అరవై మూడో గడి.
అరవై నాలుగు కళలకి ఒకటి తక్కువ.
గడప మీద ఒక కాలు, లోపల ఒక కాలు.
సరిహద్దుకి చిక్కిన ప్రతి మాటా
రెండు చోట్ల రాయించుకుంటోంది.

చెరిపేశాను.
వేళ్ళు వణికాయి. చలికే అనుకోండి.
రెండు వేల నలభై ఎనిమిది నుంచి మొదలెట్టాను.
అంచులు అంచులకి అతికాయి.
హెచ్చరిక మాత్రం చెక్కు చెదరలేదు,
అది అడిగే అంచు వేరు.

నాలుగో రోజుకి ఎతెర్ టేపులన్నీ ఎక్కించింది.
కోతల కాలపు పాట ఒకటి పెట్టి,
అది సాగుతుండగానే మూడో డిస్కు తీగ లాగేశాను.
ఎర్ర దీపం. ఫ్యాను రొద.
ఉన్న మూడూ తమ లెక్కల్లోంచే
లేనిదాన్ని కూడదీసుకుంటూ పోయాయి.
క్రిమన్‌చులి పైకెగిరింది,
కోడిపుంజులా, ఎక్కడా తడబడకుండా.

ఓతియా గింజలు నమలడం ఆపాడు.
ఆ టేపులో మంద్రం అతనిది.
పైగొంతు వార్లామ్, నడిమి గొంతు సేవెరి.
"నేనొక్కణ్ణే మిగిలాను.
నాలోంచి ఆ ఇద్దర్నీ తీయలేవా?"

ఒక్కటి పోతే వస్తుంది, ఓతియా.
రెండు పోతే రాదు.
ఈ మాట పైకి అనలేదు.
"ఈ తీగ కాస్త పట్టుకో" అన్నాను.
పట్టుకున్నాడు.

తర్వాత వచ్చేవాళ్ళ కోసం పెట్టె మీద రాసి అంటించాను:
జ్యామితి పొసగలేదంటుంది. పాత మర్యాద, పట్టించుకోకండి.
మొదలు మాత్రం అరవై మూడు కాదు.

తీసిన డిస్కు మళ్ళీ నిండుతూ
పదకొండు శాతం దగ్గర ఉండగా కరెంటు పోయింది.
బ్యాటరీ కీచుమంది.
చీకట్లో ఓతియా మంద్రం అందుకున్నాడు,
పైన రెండు గొంతులకి చోటు వదిలి.

ఎనిమిదికి ఇంకా ఇరవై నిమిషాలుంది.