నిలబడ్డ బొమ్మ

అత్తాపూర్ల పిల్లర్ నంబర్ నూట ఇరవై ఎనిమిది కాడ
మెడికల్ షాపు షట్టరు సగం దించి
సెలైన్ డబ్బా మీద కూసుంట.
పదకొండు నలభై.
ఒక్క ఆట, పది నిమిషాలు, అంతే.
గట్లనే అనుకొని మూడాడ్తం దినాం.

విమానంల నుంచి నలుగురం దుంకుతం.
ముజమ్మిల్ యాకుత్‌పురాల షేర్వానీలకు గుండీలు కుడ్తడు.
సంధ్యక్కది దవాఖాన లిఫ్టుల నైట్ డ్యూటీ,
మూడో అంతస్తు దాటంగనే ఆమె గొంతు తెగిపోతది.
బాలకిషన్‌కు బైకుంది, వీపుకు సంచుంది, రెండు ఫోన్లున్నయి.
ఒకరి మొకం ఒకరం సూడలె.
దగ్గితె మాత్రం చెప్త ఎవరో.

మాకు ర్యాంకుల్లేవు, గురి సుత లేదు.
ముజమ్మిల్ ఎక్కువగ గోడలనే కాలుస్తడు.
సంధ్యక్క తుపాకి ఇడిసిపెట్టి హెల్మెట్ ఏరుకుంటది.
నేను పట్టీలు ఏరుకుంట, సంచి నిండ పట్టీలు,
ఎవరికన్న దెబ్బ తాకితె
"ఎన్ని?" అని అడుగుత, అలవాటుల.

నిన్న రాత్రి ముప్పై ఒక్కమందిమి మిగిలినం.
ఎండిన గడ్డి, కూలిన గోదాము, దూరంగ జీపు చప్పుడు.
"అన్నా, ఆర్డరొచ్చింది," అన్నడు బాలకిషన్,
"నాలుగో అంతస్తు, లిఫ్టు బందట. జర సూస్కోండ్రి."
ఆటాడే ఫోను అట్లనే అంగీ జేబుల ఏసుకున్నడు.
మైకు బంద్ చేసుడు మర్సిండు.

వాని బొమ్మ గడ్డిల నిలబడ్డది
బస్సు కోసం నిలబడ్డట్టు.

వలయం కదిలింది.
నీలిగోడ గుట్ట దిగుతున్నది.
"ఉరుకుదమా?" అన్న నేను.
చెవులల్ల మెట్లు.
ఒకటో అంతస్తు, చెప్పుల చప్పుడు.
రెండో అంతస్తు, ఆయాసం.
ఎవరింట్లనో కుక్క మొరిగింది
ముజమ్మిల్ ఉలిక్కిపడి అటు దిక్కు కాల్చిండు.

"ఉరుకుడేంది," అన్నది సంధ్యక్క,
"పిలగాడు ఈన్నే ఉన్నడు గద."

నీలం మమ్మల్ని దాటింది.
బాలకిషన్ పడ్డడు. లేపిన.
మల్ల పడ్డడు. ముజమ్మిల్ లేపిండు.
సంచిల పట్టీలు పన్నెండు, ఏడు, రెండు.
చెవులల్ల బెల్లు మోగింది, గొళ్ళెం తీసిండ్రు,
"ఇంత లేటా? సల్లగైంది" అని ఓ గొంతు.
"సారీ మేడం."
ఆ మాట మా ముగ్గురికి నోటికొచ్చు.
షాపుల నేనంట, లిఫ్టుల సంధ్యక్క అంటది,
కొలత తక్కువైతె ముజమ్మిల్ ఉర్దూల అంటడు.

ఆఖరికి వాని పక్కకే వరసగ పడ్డం.
మమ్మల్ని ఎవ్వరూ కాల్చలె.

దిగేటప్పుడు మెట్లు తొందర తొందరగ ఇనొచ్చినయి.
"వచ్చిన, వచ్చిన! ఏడున్నం?"
తెర మీద పన్నెండో ప్లేసు, కింద నాలుగు పేర్లు.
కొంచెంసేపు ఎవ్వరం మాట్లాడలె.
"నీళ్ళు తాగినవా…" సంధ్యక్క గొంతు
మూడో అంతస్తుల తెగింది.

షట్టరు మీద ఎవరో కొట్టిండ్రు.
గ్యాస్ గోలీలు కావాల్నట.
"ఎన్ని?" అన్న,
చెవిల ముజమ్మిల్
"ఇంకొక్కటి" అన్నడు.